పసుపు దీపం గవాహీ

లారీ తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఏబీఎస్ అక్షరాలతో ఒక పసుపు దీపం వెలుగుతుంది. చాలా బండ్లలో రెండు మూడు సెకన్లకే ఆరిపోతుంది. కొన్నింటిలో బండి కాస్త కదిలాక ఆరుతుంది. రోజూ చూసే దీపమే కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు. కానీ దాని వెనుక ఓడిపోయిన ఒక కానూన్, ఒక అదాలత్ ఫైసలా, ఇరవై ఏళ్ల ఇంతెజార్ ఉన్నాయి. ఆ తారీఖ్ అమెరికాది.

ముందు ఖతరా ఏమిటో చూద్దాం. తడి రోడ్డు మీద బరువు బండికి గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు తిరగడం మానేసి జారతాయి. ముందు చక్రాలు జారితే స్టీరింగ్ మాట వినదు. ట్రైలర్‌ను లాగే బండికి వెనుక చక్రాలు బిగుసుకుంటే, ట్రైలర్ బరువు నెట్టుకొచ్చి మొత్తం బండి మడత కత్తిలా ముడుచుకుంటుంది. ఏబీఎస్ పని దీన్ని ఆపడమే. చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగును పక్కనున్న సెన్సర్ కనిపెడుతూ ఉంటుంది. చక్రం ఆగిపోబోతోందని తెలియగానే బ్రేకు గాలిని క్షణం వదిలి మళ్లీ పట్టిస్తారు. ఈ హునర్ ముందు విమానాలకు వచ్చింది. బ్రిటన్‌లో డన్‌లప్ కంపెనీ చేసిన మాక్సారెట్ 1950లలోనే విమాన చక్రాలకు ఎక్కింది.

అమెరికా ప్రభుత్వం 1975లో గాలి బ్రేకుల లారీలకు 121వ నంబరు ప్రమాణాన్ని అమల్లోకి తెచ్చింది. ఇంత దూరంలో ఆగాలి, చక్రాలు బిగుసుకోకూడదు అన్నది హుకుం. దాన్ని పాటించాలంటే కంపెనీలకు ఏబీఎస్ పెట్టక తప్పలేదు. నీయత్ మంచిదే, కానీ అప్పటి ఎలక్ట్రానిక్స్ కచ్చావి. రోడ్డెక్కాక మొరాయించాయి. లారీలు తయారుచేసే పాకార్ కంపెనీ వేసిన ముకద్దమాలో 1978లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ షరతులను కొట్టేసింది. రోడ్డు మీద భరోసా లేని పరికరం, అసలు లేకపోవడం కన్నా ప్రమాదకరం కావచ్చన్నది కోర్టు ఆందోళన. ఆ దెబ్బతో అమెరికా లారీల్లో ఏబీఎస్ మూలపడింది. ఈలోగా యూరప్‌లో పని ఆగలేదు. 1981లో వాబ్కో, మెర్సిడెస్ బెంజ్ కలిసి భారీ బండ్లకు కొత్త ఏబీఎస్ తెచ్చాయి.

రెండోసారి అమెరికా తొందరపడలేదు. ఏబీఎస్ ఉన్న 200 లారీలను మామూలు కిరాయి పనుల్లోనే తిప్పి, ఎంత నమ్మకంగా పనిచేస్తాయో రాసుకుంది. ఆ తర్వాతే 1995 మార్చిలో కొత్త కానూన్ వచ్చింది. 1997 మార్చి 1 నుంచి ట్రైలర్లు లాగే బండ్లకు, 1998 మార్చి 1 నుంచి గాలి బ్రేకుల ట్రైలర్లకు, మిగతా లారీలకు, బస్సులకు ఏబీఎస్ లాజిమీ అయింది. ఈసారి పరికరంతో పాటు దాని మీద గవాహీని కూడా అడిగింది. అదే పసుపు దీపం. డ్రైవర్ ముందు ఒకటి, ట్రైలర్ ఎడమవైపు వెనుక భాగంలో ఒకటి. 2001 మార్చి 1 నుంచి తయారైన బండ్లలో ట్రైలర్ లోపం కూడా క్యాబిన్‌లోనే కనిపించాలి. దీనికోసం కొత్త తీగ వేయలేదు. కరెంటు వెళ్లే తీగ మీదే ఆ ఇశారా కూడా వస్తుంది.

దీపం వల్ల తనిఖీ సులువైంది. ఇన్‌స్పెక్టర్ చక్రం విప్పనక్కర్లేదు, బండి కిందికి దూరనక్కర్లేదు. తాళం తిప్పమంటాడు, చూస్తాడు. ట్రైలర్ దగ్గర నిలబడి, అవసరమైతే బ్రేకు తొక్కమంటాడు. వెలిగి ఆరితే ఖైర్. వెలిగి ఆరకపోతే లోపం. సెన్సర్ జరిగి ఉండొచ్చు, తీగ తెగి ఉండొచ్చు. మామూలు బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి డ్రైవర్‌కు తేడా తెలియదు. తెలిసేది వానలో, సడన్ బ్రేకు వేసిన రోజున.

మూడో సూరత్ కూడా ఉంది. దీపం అసలు వెలగకపోవడం. చాలామంది దీన్నే సలామత్ అనుకుంటారు. కానీ తాళం తిప్పగానే అది వెలిగేది, నేను బతికే ఉన్నానని చెప్పడానికే. బల్బు మాడినా, ఎవరైనా పీకేసినా, లోపం ఉన్నా చెప్పే నోరు ఉండదు. అందుకే అక్కడి తనిఖీలో వెలగని దీపం కూడా ఉల్లంఘనే.

మన దేశంలో కొత్త భారీ లారీలకు, బస్సులకు ఏబీఎస్ తప్పనిసరి అయింది 2015లో. 1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషనే చెల్లదు. కానీ సర్టిఫికెట్ చెప్పేది తనిఖీ జరిగిన ఆ ఒక్క రోజు హాల్. మిగతా రోజులకు గవాహీ ఆ దీపమే.

స్టీరింగ్ పట్టుకునేవాళ్లు, పానా పట్టుకునేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది! దీపం ఆరడం లేదని సేఠ్ బల్బు తీసేయమంటే, మిస్త్రీ భాయ్, ఆ పని చేయకండి. సెన్సర్ చూడండి. డ్రైవర్ భాయ్, పొద్దున బండి తీసే ముందు మూడు సెకన్లు ఆ దీపం వైపు చూడండి. వెలగాలి, ఆరాలి. రెండూ జరగాలి.