పెట్టెలు ఖాళీ అయిన ఏడాది: మార్తాండం తేనెటీగల చరిత్ర



మన ఏజెన్సీ ఊర్లలో పెరట్లో తేనె పెట్టెలు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, పెట్టాలనుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరూ తెలుసుకోవాల్సిన చరిత్ర ఒకటుంది. అది తమిళనాడు కొసన, కన్యాకుమారి జిల్లా మార్తాండంలో జరిగింది. ఊరు మనది కాదు గానీ ఈగ మాత్రం మనదే. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే నాటు తేనెటీగ.

దక్షిణాదిలో దీన్ని పెట్టెలో పెంచడం 1910ల్లో ఊపందుకుంది. ఫాదర్ న్యూటన్ అనే ఆయన నాటు ఈగకు సరిపోయే చిన్న పెట్టె తయారు చేశాడు. ఇప్పటికీ దాన్ని న్యూటన్ పెట్టె అనే అంటారు. 1920ల్లో స్పెన్సర్ హ్యాచ్ నడిపిన వైఎంసీఏ గ్రామ కేంద్రం మార్తాండం చుట్టుపక్కల పేదలకు ఈ పని నేర్పింది. తర్వాత రబ్బరు తోటలు కలిసొచ్చాయి. రబ్బరు చెట్టు ఆకు రాల్చి కొత్త చిగురు తొడిగే జనవరి, మార్చి నెలల మధ్య ఆకు కాడ దగ్గర తీపి రసం ఊరుతుంది. అక్కడి తేనెలో ఎక్కువ భాగం పువ్వులది కాదు, ఆ ఆకులదే. సొంత పొలం లేకపోయినా చేసుకోగలిగిన పని కాబట్టి ఇంటింటికీ పాకింది.

1976లో థాయిలాండ్‌లో ఒక కొత్త వైరస్ బయటపడింది. పేరు థాయ్ శాక్‌బ్రూడ్. 1978 నాటికి మన ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించింది. 1991-92లో కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లో పెట్టెల్లోని ఈగల గుంపులు నూటికి 90కి పైగా పోయాయి. ఇది పెద్ద ఈగలను కాదు, పిల్ల పురుగులను చంపుతుంది. పురుగు ఒళ్ళంతా నీరు పట్టి సంచిలా అయిపోతుంది. కొత్త ఈగలు పుట్టక గుంపు పలచబడుతుంది, కొన్నిసార్లు పెట్టె వదిలి లేచిపోతుంది. బలం తగ్గిన పెట్టెలోకి మైనపు పురుగు దూరి పట్టును గూడు గూడు చేసేస్తుంది. దీనికి మందు లేదు.

మరి మళ్ళీ ఎలా మొదలుపెట్టారు? కొందరు ఇటాలియన్ ఈగ వైపు వెళ్ళారు. 1960ల్లో ఉత్తరాదిలో, నగ్రోటా బగ్వాన్‌లో నిలదొక్కుకున్న ఈగ అది. తేనె ఎక్కువిస్తుంది కానీ పూత బాగా కావాలి, ఖర్చూ ఎక్కువే. పైగా వరోవా అనే నల్లి దాన్ని పీల్చేస్తుంది. నాటు ఈగ ఆ నల్లితో తరతరాలుగా బతుకుతోంది, దాన్ని ఒంటి మీది నుంచి దులిపేసుకోవడం దానికి తెలుసు.

నాటు ఈగనే నమ్ముకున్నవాళ్ళు వేరే దారి పట్టారు. జబ్బును తట్టుకుని మిగిలిన కొద్ది పెట్టెల్ని, అడవి తొర్రల్లో బతికిన గుంపుల్ని తెచ్చి, వాటినే విడదీసి పెంచుకుంటూ పోయారు. ఏళ్ళు పట్టింది. కానీ మార్తాండం తేనె మళ్ళీ బజారుకొచ్చింది.

అంటే విత్తనం దొరికింది అడవిలోనే. ఇది మన పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సిన మాట. తొర్ర తేనె తీసేటప్పుడు మంట పెట్టి, పిల్ల పట్టుతో సహా కోసేస్తే రేపు మన పెట్టెలు పోయిన రోజున తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. తేనె ఉన్న భాగం మాత్రమే కోసి, పిల్లల పట్టు వదిలెయ్యాలి. దూరం నుంచి వచ్చే పెట్టెల్ని తీసుకునే ముందు పిల్ల పురుగులు బాగున్నాయో లేదో మూత తీసి చూసుకోవాలి. జబ్బు పెట్టెతో పాటే ప్రయాణం చేస్తుంది.

మీ ఊర్లో ఈగలు ఒక్కసారిగా తగ్గిపోయిన కాలం ఉందేమో తాతలను, అమ్మమ్మలను అడగండి. వాళ్ళు చెప్పింది ఇక్కడ రాయండి. మన చరిత్ర మనమే రాసుకోవాలి.