బిగిసిన యంత్రపు చరిత్ర



మా కొత్తవాడ మగ్గముల వాడ. ఓరుగల్లు తివాచీలు 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునకు పోయినవి. మా షత్రంజీల నేత నేటికిని సాగుచున్నది. 2018లో వరంగల్లు షత్రంజీలకు భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి వాడలో పెరిగిన నేను మోటారు వైద్యమును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. కాని బిగిసిన యంత్రమును పరీక్షించుటలో మొదటి పాఠము మగ్గమునందే కలదు. నాడె పడుగులో చిక్కుకొన్నపుడు ఎరిగిన నేతగాడు దానిని లాగడు. చేయి ఆపి, ఎచ్చట చిక్కెనో చూచును. లాగినచో తెగునది పడుగు. ఈ పాఠమును మరచి ఒకప్పుడు నేను చేసిన తప్పును గూర్చి మీకు ముందు ముందు చెప్పెదను.

మన ప్రాంతమున మోటారు బండి పదిమందికి అందుబాటైన విధము మీ పెద్దలవలన మీరు వినియుందురు. నిజాము ప్రభుత్వ రైల్వేవారు 1932 జూను నెలలో 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా శాఖను ఆరంభించిరి. స్కాట్లండు దేశమునుండి తెప్పించిన ఆల్బియను బండ్లు ఆ తొలినాటి బస్సులలో నుండెను. బండ్లతోపాటు వానిని బాగుచేయు మిస్త్రీల విద్యయు పెరిగెను.

1939లో రెండవ ప్రపంచయుద్ధము మొదలైన పిమ్మట పెట్రోలు కరవయ్యెను. దేశమున అనేక బస్సులకు ఇనుపపొయ్యి తగిలించి, బొగ్గువాయువుతో నడపిరి. చాలీచాలని గాలితో బొగ్గును మండించినచో, తాను మండగల వాయువు వెలువడును. దానిని చక్కగా వడకట్టనిచో బూడిదయు తారును ఇంజనులోనికి పోయి, కవాటములను పట్టివేయును; సిలిండరును అరగదీయును. కావున బండి నిలిచినదనగానే, అది దేనితో నడచినది, వడపోత ఎన్నడు శుభ్రపరచిరి అని యడుగక గతి లేదు. వైద్యుడు నాడి పట్టుటకు ముందు రోగి తిన్న తిండిని గూర్చి యడుగును గదా! యంత్రవైద్యమును అట్టిదే.

ఇక పరీక్షాక్రమమును మనవి చేసెదను. బండి నడుచుచు నిలిచినదా, ఏండ్లకొలది కదలక బిగిసినదా యని మొదట తెలిసికొనవలెను. నడుచుచు నిలిచినచో, నూనెయో నీరో తక్కువై, వేడిచే పిస్టనుగాని బేరింగుగాని పట్టుకొని యుండవచ్చును. అడుగు బిరడా విప్పి నూనెను చూడుడు. మెరయు లోహపు పొడి కనబడినచో బేరింగులు చెడినవి. నూనె మజ్జిగవలె తెల్లబారినచో అందు నీరు కలిసినది.

రెండవది, బిగిసినది ఇంజనా, చక్రములకు బలమును చేర్చు భాగమా? గేరును తప్పించి, నలుగురు కలిసి బండిని నెట్టవలెను. కదలనిచో దోషము బ్రేకులలోనో, ఇరుసులోనో, గేరుపెట్టెలోనో కలదు. జాకీతో ఎత్తి ఒక్కొక్క చక్రమును తిప్పిచూచినచో చోటు తేలును. బండి కదలియు ఇంజను హ్యాండిలుకు తిరుగనిచో దోషము ఇంజనువైపున నున్నది. అప్పుడు స్పార్కు ప్లగ్గులన్నియు విప్పి మరల మెల్లగా తిప్పవలెను. సిలిండరులో నీరు చేరియున్నచో రంధ్రమునుండి చిమ్మును, ఇంజను విడివడును. గాలి అణగును గాని నీరు అణగదు. అప్పటికిని తిరుగనిచో పిస్టను రింగులు తుప్పుచే అంటుకొనియుండుట మిక్కిలి సంభవము. ఆ రంధ్రములలో గ్యాసునూనెయు ఇంజను నూనెయు కలిపి పోసి, కొన్ని దినములు ఓపిక పట్టవలెను. పిదప పైగేరులో నుంచి బండిని ముందునకు వెనుకకు కొద్దికొద్దిగా ఊపవలెను.

ఇప్పుడు నా తప్పు. ఒక గ్రామమున కొట్టములో ముప్పది యేండ్లు నిలిచిన పాత కారును నడిపింపవలెనని మేము కొందరము పూనుకొంటిమి. మొదటి దినమున హ్యాండిలుకు ఇంజను కొంచెము కొంచెముగ తిరిగినది. మాకు సంతోషము కలిగి, సాయంకాలము రేడియేటరు నిండ నీరు పోసితిమి. మరునాటి యుదయమున హ్యాండిలు కదలలేదు. నిన్న తిరిగినది నేడేల తిరుగలేదు, ఈ నడుమ మనము చేసినదేమి యని ఎవరమును ఆలోచింపలేదు. ట్రాక్టరుకు తాడు కట్టి, గేరు వేసి లాగించితిమి. తాడు కట్టినవాడను నేనే. లోపల ఒక్క దెబ్బ వినబడెను. విప్పిచూడగా, చెడిన గాస్కెట్టు గుండ రాత్రి నీరు ఒక సిలిండరులో చేరియున్నది. పిస్టను కడ్డీ వంగిపోయినది. ప్లగ్గు విప్పియున్నచో నీరు చిమ్మి బయటపడెడిది. ఆ యింటి పెద్ద మమ్ము ఒక్కమాటయు దూషింపలేదు. "మా నాయన చేతి బండి అయ్యా" అని మాత్రము పలికి, తలుపు దగ్గరగా వేసెను. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది.

రాజుల బండియైనను ఈ నియమమునకు లోబడినదే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను సింహాసనమువంటి ఆసనముతో రోల్సు రాయిసు కారు నొకదానిని చేయింప పూనుకొనెను. 1911లో ఆయన గతించెను. పసుపు వన్నెగల ఆ బండి తరువాత బహు స్వల్పముగ నడచినది. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున దానిని భద్రపరచిరి. కదలని యంత్రమునకు తుప్పు శత్రువు. దానికి రాజు బండియని గాని రైతు బండియని గాని భేదము లేదు.

మీ కొట్టములలో పాత కారు లేకపోయినను, బావికడ ఆయిలు ఇంజనో, తండ్రి కొన్న ట్రాక్టరో ఉండవచ్చును. అది బిగిసినదని పిల్లలు తాడు తెచ్చునప్పుడు, ఒక్క గడియ నిలుపుడు. దాని చరిత్ర మీకు తెలిసినంతగ మిస్త్రీకి తెలియదు. ఎన్నడు నిలిచెను, ఎట్లు నిలిచెను, నిన్నటికి నేటికి నడుమ మన మేమి చేసితిమి అను మూడు ప్రశ్నలు అడుగుడు. ఆ మీదట చేయి వేయుడు.