ప్రణాళిక మనది, లెక్క ఎవరిది?

1940లో జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం అమరుడయ్యాడు. మన పిల్లలను అడిగితే జల్, జంగల్, జమీన్ అంటారు. తుపాకీ పట్టుకున్న ఆయన బొమ్మ కూడా గీస్తారు. ఆ పోరాటం వెనక పన్నెండు ఊళ్లున్నాయన్న సంగతి మాత్రం పాఠంలో ఒక్క వాక్యంలో వెళ్లిపోతుంది. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ చుట్టుపక్కల మనవాళ్లు పోడు కొట్టుకుని ఊళ్లు కట్టుకున్నారు. ఇళ్లు ఎక్కడ వేయాలి, చేను ఎక్కడ, పెన్‌కు చోటు ఎక్కడ, తాగడానికి ఏ వాగు అన్నది వాళ్లే కూర్చుని అనుకున్నారు. ఆ ఊళ్ల మీద హక్కు తమకే ఉండాలని నిజాం సర్కారును అడిగారు. ఇవాళ మనం గ్రామాభివృద్ధి ప్రణాళిక అంటున్నది దాన్నే. వాళ్ల దగ్గర కాగితం లేదు, అంతే తేడా.

ప్రణాళిక వేసుకోవడం ఆదివాసులకు కొత్త కాదని చెప్పడానికే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. ఆ మాట సభల్లో అందరూ చెబుతారు. వేసుకున్న పనిలో ఎంత అయింది, ఎంత కాలేదు, ఎందుకు కాలేదు అని కూర్చుని చూసే హక్కు ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఉంది? గడిచిన ఎనభై ఏళ్లను ఈ ఒక్క ప్రశ్నతో చూస్తే మనకు తెలిసిన సంగతులే కొంచెం వేరుగా కనిపిస్తాయి.

భీం పోరాటం తర్వాత నిజాం సర్కారుకు గోండుల గురించి తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మన ప్రాంతానికి వచ్చి, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. మనవాళ్లలో మొదటి తరం గురువులు అక్కడి నుంచే వచ్చారు. నాలాంటివాళ్లం ఇవాళ నల్లబల్ల ముందు నిలబడ్డామంటే దానికి మొదలు మార్లవాయి. బడులతో పాటు భూమి పట్టాలు కూడా ఇచ్చారు. వేల ఎకరాలు మన కుటుంబాల పేర్ల మీదకు వచ్చాయి.

ఆ పట్టాలు తర్వాత ఏమయ్యాయి? రోడ్లు వచ్చాయి. రోడ్ల వెంట వ్యాపారులు, వలస రైతులు వచ్చారు. కొన్ని చేలు అప్పు కింద పోయాయి, కొన్ని కౌలు పేరుతో పోయాయి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు, 1970లో ఇంకా గట్టి చేశారు. చట్టం గట్టిపడుతూనే ఉంది, భూమి చేతులు మారుతూనే ఉంది. 1970లలో హైమన్‌డార్ఫ్ మళ్లీ మన ఊళ్లకు వచ్చారు. తాను చూసినప్పుడు బాగుపడుతున్న ఊళ్లు ఎలా చితికిపోయాయో 1982లో అచ్చయిన తన పుస్తకంలో రాశారు. నా దృష్టిలో మన ప్రాంతపు అభివృద్ధి పథకం మీద జరిగిన నిజాయితీ గల సమీక్ష అది. అయితే అది జరిగింది ముప్పై ఏళ్ల తర్వాత. చేసింది బయటి మనిషి. రాసింది ఇంగ్లీషులో. ఎవరి చేను పోయిందో వాళ్లు ఆ పుస్తకం చదవలేరు. ఏటా ఒకసారి ఊళ్లో కూర్చుని ఎవరి పట్టా ఎవరి దగ్గరుందో పేరుపేరునా చూసుకుని ఉంటే కొంతైనా ఆగేదేమో. అలా చూసుకోలేదని మన తాతలను తప్పు పట్టడానికి కూడా లేదు. నిజాం నాటి రికార్డు ఉర్దూలో ఉండేది. ఇంట్లో దాచుకున్న కాగితంలో ఏముందో తెలియాలంటే షావుకారునో పట్వారీనో అడగాలి. చేను మీద కన్ను కూడా వాళ్లదే.

కేస్లాపూర్ దర్బారును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు నాగోబాకు పూజ చేస్తారు. ఆ జాతరలోనే అధికారులు కూర్చుని మన గోడు వినాలని 1940లలో హైమన్‌డార్ఫ్ చొరవతో దర్బారు మొదలైంది. ఇప్పటికీ జరుగుతోంది. ఆసిఫాబాద్ దాకా నడిచి వెళ్లి కచేరీ మెట్ల దగ్గర కూర్చోవాల్సిన రోజుల్లో అధికారే మన దగ్గరికి రావడం చిన్న సంగతి కాదు. కానీ దర్బారులో మన చేతిలో ఉండేది అర్జీ. అర్జీ ఇచ్చినవాడు చేతులు కట్టుకుని నిలబడతాడు, లెక్క అడిగేవాడు ఎదురుగా కూర్చుంటాడు. అదే కేస్లాపూర్‌లో మెస్రం వంశస్థులు తమలో తాము చందాలు వేసుకుని నాగోబాకు కొత్త గుడి కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. చందా వేసినవాడికి పని ఎక్కడిదాకా వచ్చిందని అడిగే హక్కు ఎవరూ రాసివ్వక్కర్లేదు. ఒకే ఊళ్లో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి.

ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో గిరిజన ఉప ప్రణాళిక, దాని వెంట ఉట్నూరు, భద్రాచలం, పాడేరు లాంటి చోట్ల ఐటీడీఏలు వచ్చాయి. ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, నేనూ అందులో చదివినవాణ్నే. పనులు జరగలేదని అనను. సమీక్షా సమావేశం మాత్రం కార్యాలయంలో జరిగేది. నిధుల్లో ఇంత శాతం ఖర్చయిందన్నది అక్కడ ప్రగతి. బావి తవ్వితే ఖర్చయినట్టే, నీళ్లు పడకపోయినా.

ఈ పద్ధతిని చట్టంలోనే తిప్పేసింది పెసా. దిలీప్ సింగ్ భూరియా కమిటీ 1995లో నివేదిక ఇచ్చింది. 1996 డిసెంబరు 24న చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన చట్టం చేసుకుంది, నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. పెసా అనగానే మన యువకులు మావ నాటె మావ రాజ్ అంటారు, మన ఊళ్లో మన రాజ్యం. నినాదం మంచిదే. నాలుగో సెక్షన్‌ను మాత్రం మన చదువుకున్న పిల్లలు ఒక్కసారైనా నెమ్మదిగా చదవాలి. ఆచార వ్యవహారాల ప్రకారం తమ పనులు తాము చూసుకునే ఆవాసమే అక్కడ ఊరు. అంటే రెవెన్యూ గ్రామం కాదు, మన గూడెమే. ఊరి అభివృద్ధి పనులు, పథకాలు అమలు కాకముందే గ్రామసభ ఆమోదించాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. దాని వెంటనే ఇంకో మాట ఉంది. ఆ పనులకు నిధులు ఖర్చు చేసినట్టు పంచాయతీ గ్రామసభ దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలి.

ఈ ఒక్క వాక్యం ఎంత బరువైనదో ఆలోచించండి. పని అయిందని చెప్పే అధికారం ఇంజినీరుకో కార్యదర్శికో సర్పంచికో వదిలేయలేదు. ఊరికిచ్చారు. అర్జీ పట్టుకుని నిలబడే మనిషి మొదటిసారి ఎదుటి కుర్చీలోకి వచ్చాడు.

కుర్చీలో కూర్చున్నామా అన్నది వేరే ప్రశ్న. చాలాచోట్ల తీర్మానాల పుస్తకం సంచీలో పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. చేలోకి వెళ్లే తొందరలో ఉన్న మనిషి చేతికి పెన్ను ఇస్తారు. పైన ఏం రాశారో చదవమని అడిగితే మామూలుగా రాసేదే అంటారు. పుస్తకంలో సభ జరుగుతుంది, ఊళ్లో జరగదు. దీనికి కార్యదర్శులనే తిట్టి ఊరుకోవడం నాకు సరిగా అనిపించదు. సంతకం పెట్టేవాళ్లలో పది చదివినవాళ్లు, డిగ్రీ చదివినవాళ్లు కూడా ఉన్నారు.

చదివి వినిపిస్తే ఏం జరుగుతుందో ఉపాధి హామీ పథకం సామాజిక తనిఖీలో మనం చూశాం. 2006 నుంచి మన రాష్ట్రంలో ఊరి పిల్లలే మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. నీ పేరు మీద ఇన్ని రోజులు పని రాసి ఉంది, చేశావా, డబ్బు ముట్టిందా అని అడిగారు. ప్రజావేదికలో అందరి ముందూ పైకి చదివారు. పట్టుబడిన సొమ్మంతా వెనక్కి రాలేదు. అయినా కాగితం పైకి చదివితే దాని స్వభావమే మారిపోతుందని ఊరికి తెలిసొచ్చింది.

ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మెంఢా లేఖా అనే ఊరుంది. ధానోరా తాలూకా. మన గోండులే, మన భాషే. 1980లలో ఇచ్చంపల్లి, భోపాల్‌పట్నం ఆనకట్టలకు వ్యతిరేకంగా ఆ ప్రాంతమంతా లేచినప్పుడు వాళ్లూ లేచారు. ఆ తర్వాత మామూలుగా చల్లబడాలి. వాళ్లు చల్లబడలేదు, గ్రామసభ పట్టుకుని కూర్చున్నారు. ఢిల్లీలో, ముంబైలో మన సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు అన్నది వాళ్ల మాట. ఓట్లు వేసి నిర్ణయించరు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడతారు. నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ల అధ్యయన బృందం. సభలో తేల్చాల్సిన సంగతిని ముందే కొందరు కూర్చుని చదువుతారు, తెలిసినవాళ్లను పిలిచి అడుగుతారు. సభకు చేతులూపుకుంటూ వెళ్లరు. అటవీ హక్కుల చట్టం కింద 2009లో దాదాపు 1800 హెక్టార్ల అడవి మీద ఆ ఊరికి సామూహిక హక్కు వచ్చింది. అంతటితో అయిపోలేదు. వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్లు అటవీ శాఖే ఇవ్వాలన్నారు. వాళ్లు పట్టు విడవలేదు. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి పర్మిట్ల పుస్తకం గ్రామసభకు అప్పగించారు. ఆ ఊరి పెద్ద దేవాజీ తోఫా పేరు ఇవాళ దేశమంతా తెలుసు. మన దగ్గర చాలా ఊళ్లకు హక్కుపత్రం వస్తే ఫొటో దిగి పెట్టెలో పెట్టడంతో కథ అయిపోతుంది. వాళ్లకు కథ అక్కడ మొదలైంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. సమీక్ష అంటే ఏడాదికోసారి చివరి నెలలో చేసేదని మనకు అలవాటు చేశారు. ఊరి పనులు అలా తేలవు. వానాకాలంలో చూస్తే ప్రతి బావీ మంచి బావే. ఎండాకాలంలో చూస్తే ప్రతి రోడ్డూ మంచి రోడ్డే. బడికి పిల్లలు వస్తున్నారా అన్నది జూన్‌లో ప్రవేశాల రిజిస్టరు చెప్పదు, పత్తి ఏరే రోజుల్లో హాజరు చెబుతుంది. అందుకే మన పండుగల క్రమంలోనే చూసుకుంటే మేలు. పొలాల అమావాస్యకు ఊరంతా ఒక చోట ఉంటుంది, వాగులు కూడా నిండుగా ఉంటాయి, రోడ్డు సంగతి అప్పుడు మాట్లాడాలి. దండారికి బడి సంగతి. విత్తనాలకు పూజ చేసే ముందు నీళ్ల సంగతి. పట్ల, దేవారి ఉన్న చోట కూర్చుంటే సభకు మనుషులను పిలవక్కర్లేదు. ఆడవాళ్లు ముందు వరుసలో ఉండాలి. అటవీ హక్కుల నియమాలు 2012లో సవరించినప్పుడు సభకు సగం మంది రావాలని, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలని రాశారు. బిందె మోసేవాళ్లు లేకుండా నీళ్ల లెక్క తేలదని ఆ నియమం రాసినవాళ్లకు తెలిసే ఉంటుంది.

మా గూడెంలో తొమ్మిది పనులు రాసుకుని బడి గోడ మీద గీతలు కొట్టి పెట్టాం. అడిగింది ఒక గడిలో, మంజూరైంది ఒక గడిలో, కళ్లతో చూసింది ఒక గడిలో. ఇప్పటికి నాలుగు పూర్తయ్యాయి, రెండు సగంలో ఉన్నాయి, మూడు మొదలే కాలేదు. సగంలో ఉన్నవాటిలో నీళ్ల పైపు ఒకటి. కాగితం మీద అది పూర్తయిన పని. సంతకాలకు పుస్తకం వస్తే ముందు చదవమన్నారు ఆడవాళ్లు. విన్నాక, పై వాడలో మూడు కుళాయిలకు నీళ్లెక్కడం లేదు కాబట్టి సగమే అయిందని రాయమన్నారు. చాలాసేపు వాదన జరిగింది. చివరికి తీర్మానంలో సగం అనే రాశారు. దాని మీద పైనుంచి ఇంకా జవాబు రాలేదు. ఈ వేసవి సెలవుల్లో ఆ మూడు కుళాయిల దగ్గర పొద్దున, సాయంత్రం ఎన్ని బిందెలు నిండాయో రాసే పని ఏడో తరగతి పిల్లలు తీసుకున్నారు.