గాలిమోటర్ల పందెం

జనవరి వస్తే హైదరాబాద్ నాంపల్లిలో కింద నుమాయిష్ ప్రదర్శన, మీద పతంగులు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ 1946లో ఇప్పటి మైదానానికి వచ్చింది. పతంగులు తెంచుకునే పేంచ్ దానికన్నా పాతది. నూలుదారానికి గాజుపొడి పట్టించిన మాంజాతో ఆడినంతకాలం గెలుపు చేతిదే. ఎప్పుడు ఢీల్ వదలాలో, ఎప్పుడు లాగాలో తెలిసినవాడే రాజు. నైలాన్ చైనా మాంజా వచ్చాక గెలుపు దారానిదైపోయింది. పక్షుల రెక్కలు, బండి మీద పోయేవాళ్ల మెడలు తెగాయి. 2016 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం, 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని నిషేధించాయి.

విమానాన్ని మన పల్లెల్లో పెద్దవాళ్లు గాలిమోటర్ అంటారు. దానికి చిన్న నమూనా చేసి, కరెంటు మోటారు బిగించి పందెం కట్టినచోటా ఇదే తగువు వచ్చింది: గెలుపు చేతిదా, సరుకుదా?

1957 జూన్ 30న ఇంగ్లండ్‌లో కల్నల్ టాప్లిన్ తన ‘రేడియో క్వీన్’ నమూనాను సిల్వర్-జింక్ బ్యాటరీతో ఎగరేసి, నేలమీంచి రేడియోతో నడిపారు. జర్మనీలో ఫ్రెడ్ మిలిట్కీ చిన్న మోటార్లతో నమూనాలను గాల్లో నిలపడానికి ఏళ్లతరబడి శ్రమించారు. 1973లో మనిషిని ఎక్కించుకుని ఎగిరిన తొలి బ్యాటరీ విమానం ఎంబీ-ఇ1 వెనక ఉన్నదీ ఆయనే. వాళ్ల బాధంతా బ్యాటరీ బరువు. నికెల్-కాడ్మియం సెల్స్‌తో అది కొంత తీరింది.

ఎగరడం వచ్చాక పందెం రాక మానదు. త్రికోణంలో మూడు స్తంభాలు, చుట్టు 400 మీటర్లు, పది చుట్లు. ఒక సెల్ ఎక్కువ పెడితే వేగం పెరుగుతుంది. మోటారులో తీగచుట్లు తగ్గిస్తే ఇంకా పెరుగుతుంది, మోటారు కూడా త్వరగా మాడుతుంది. మాడినప్పుడల్లా కొత్తది కొనగలిగినవాడే మిగులుతాడు.

దీనికి 1990ల్లో దొరికిన మందు నాకు ఎంతో ఇష్టం. గ్రౌప్నర్ కంపెనీ అమ్మిన ‘స్పీడ్ 400’ చౌకరకం ఫెరైట్ మోటారు. పందెంలో అందరికీ అదే. ఆరు వోల్టుల మోటారుకి ఏడు సెల్స్, అంటే 8.4 వోల్టులు, అంతకుమించి వద్దు. ఇక తేడా చూపించాల్సింది రెక్క చెక్కిన నునుపు, ఎంచుకున్న ప్రొపెల్లర్, స్తంభం దగ్గర తిప్పిన చేయి.

బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం బ్యాటరీలు వచ్చి ఆ లెక్కను తారుమారు చేశాయి. అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్‌ఏఐ తన ఎఫ్5డీ పందెంలో మోటారు జోలికి పోకుండా శక్తికే హద్దు పెట్టింది. వెయ్యి వాట్-నిమిషాలు దాటితే విమానంలోని పరికరం మోటారును ఆపేసేది. అంటే దాదాపు 16.7 వాట్-అవర్లు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో దొరికే 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ కాస్త శక్తితో నిమిషం అటూఇటుగా నాలుగు కిలోమీటర్లు చుట్టి రావడం అద్భుతమే.

న్యాయం మాటకొస్తే ఆ హద్దు పక్కాది. ఖర్చు మాత్రం దానితో తగ్గదు, మంచి మోటారు, మంచి రెక్క కొనాల్సిందే. స్కూలు పిల్లల చేత పందెం ఆడించాలంటే పాత పద్ధతే మేలని నా నమ్మకం. నిర్వాహకులే ఒకే రకం మోటార్లు ఒక్కసారిగా కొనాలి. పందెం రోజు పొద్దున చీటీలు తీసి ఎవరికొచ్చింది వాళ్లకివ్వాలి. సాయంత్రం విప్పదీసిన మోటార్లన్నీ మళ్లీ ఒకే డబ్బాలోకి చేరాలి.