పటములో రంగులు: ఒక చరిత్ర

2023 జనవరి మొదటి వారములో కామారెడ్డి జిల్లా కలెక్టరు కార్యాలయము ఎదుట రైతులు పెద్ద సంఖ్యలో బైఠాయించారు. వారి ఆందోళనకు కారణము కరవు కాదు, గిట్టుబాటు ధర కాదు. ఒక పటము. కామారెడ్డి పురపాలక సంఘము ప్రకటించిన మాస్టర్ ప్లాను ముసాయిదాలో అడ్లూర్ ఎల్లారెడ్డి మొదలైన గ్రామాల సాగుభూములు పారిశ్రామిక ప్రాంతముగా చూపబడినవి. ఈ అడ్లూర్ ఎల్లారెడ్డి కామారెడ్డికి పొరుగు గ్రామము. ఇదే జిల్లాలో రెవెన్యూ డివిజను కేంద్రమైన ఎల్లారెడ్డి పట్టణము వేరు.

పొలములో ఒక్క గట్టు కూడా జరగలేదు. కాగితము మీద మాత్రము రంగు మారినది. ఆ రంగు ఖాయమైతే తమ భూమిని కొనేవారు ఉండరనీ, అందులో ఇల్లు కట్టుకొనుటకు అనుమతి రాదనీ రైతులు భయపడ్డారు. పటములోని రంగుకు ఇంత బలము ఎట్లా వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము మూడు వందల సంవత్సరాల చరిత్రలో ఉన్నది.

ఇటుకకు ఎరుపు, కలపకు పసుపు

పూర్వము పటాలకు రంగు వేయుట అలంకారము కోసము కాదు. కోటలు కట్టించే ఫ్రెంచి సైనిక ఇంజనీర్లు 18వ శతాబ్ది ఆరంభములోనే దీనికి నియమాలు పెట్టుకున్నారు. బుషోట్ అనే ఇంజనీరు 1722లో పటాలు గీయుటకు, వాటికి నీటిరంగులు పూయుటకు పాటించవలసిన నియమాలను పుస్తకముగా ప్రకటించాడు. ఆ సంప్రదాయములో కట్టి ఉన్న గోడ ఎరుపు, కట్టదలచిన గోడ పసుపు. పారిస్‌లో కూర్చున్న అధికారి ఎక్కడో సరిహద్దులోని కోట పటమును చూడగానే అక్కడ ఏమి ఉన్నదో, ఇంకా ఏమి కట్టవలసి ఉన్నదో గ్రహించగలిగేవాడు.

19వ శతాబ్దిలో ఈ పద్ధతి వర్తకులకు కూడా ఉపయోగపడినది. అమెరికాలో 1867లో ఆరంభమైన శాన్‌బోర్న్ సంస్థ అగ్నిప్రమాద భీమా కంపెనీల కోసము నగరాల పటాలు తయారు చేసినది. వాటిలో ఇటుక కట్టడము గులాబి రంగు, కలప కట్టడము పసుపు, రాతి కట్టడము నీలము. ఒక వీధి నిండా పసుపు కనిపిస్తే, ఆ వీధిని చూడనవసరము లేకుండానే, అక్కడ నిప్పు త్వరగా వ్యాపిస్తుందని భీమా గుమాస్తాకు తెలిసేది.

ఇంతవరకు రంగు కట్టడమును గురించే చెప్పినది. 1889లో చార్లెస్ బూత్ లండను నగరమునకు వేసిన పటములో అది మనుషులను గురించి చెప్పసాగినది. ఆ పటములో నిరుపేదల వీధులు నలుపు, నీలము. సంపన్నుల వీధులు పసుపు. గోడ దేనితో కట్టారన్న ప్రశ్న పోయి, లోపల ఎవరు ఎట్లా బ్రతుకుతున్నారన్న ప్రశ్న వచ్చినది. నేటి పట్టణ ప్రణాళికలలో నివాసానికి ఒక రంగు, వర్తకానికి ఒకటి, పరిశ్రమకు మరొకటి వేయుట ఈ మార్పు యొక్క ఫలితమే.

నీలి కాగితము తెచ్చిన చిక్కు

1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు ఇనుప లవణాలు పూసిన కాగితము మీద వెలుతురు పడితే నీలిరంగు ఏర్పడుతుందని కనుగొన్నాడు. పలుచని కాగితము మీద గీసిన పటమును దీనిపై పెట్టి ఎండలో ఉంచితే, గీతల నీడ పడినచోట తెలుపుగా, తక్కినచోట నీలముగా నకలు వస్తుంది. ఇదే బ్లూప్రింటు. 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఇంజనీరింగు కార్యాలయాలన్నిటా ఇది వ్యాపించినది. చేతితో నకలు వ్రాసే శ్రమ తప్పినది. కాని మూలములో ఎన్ని రంగులున్నా నకలులో ఉండేవి నీలము, తెలుపే. అందుచేత రంగులకు బదులు ఏటవాలు గీతలు, చుక్కలు వాడుట పెరిగినది. రంగు తప్పనిసరి అయినచోట ప్రతి నకలుకూ చేతితోనే పూయవలసి వచ్చేది.

ఈ చరిత్ర యొక్క జాడ మన దేశములోని నియమాలలో ఇప్పటికీ ఉన్నది. 1970లో తొలిసారి వెలువడి, 2016లో మళ్ళీ సవరించబడిన జాతీయ భవన నిర్మాణ స్మృతిలో పటాల రంగులకు ఒక పట్టిక ఉన్నది. దాని ప్రకారము కొత్తగా కట్టే భాగము ఎరుపు; పడగొట్టే భాగము పసుపు ఏటవాలు గీతలు; మురుగునీటి గొట్టాలు ఎర్రని చుక్కల గీత. ఫ్రెంచి ఇంజనీరు పసుపు చూసి, ఇది కట్టబోయే గోడ అనుకునేవాడు. కామారెడ్డి మేస్త్రీ అదే పసుపు చూసి, ఇది పడగొట్టవలసిన గోడ అనుకుంటాడు. రంగుకు స్వతహాగా అర్థము లేదు. పటము అంచున ఉండే సూచికయే దానికి అర్థమిస్తుంది.

పట్టికలోని మాటయే రంగు

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో ఐవాన్ సదర్లాండ్ కంప్యూటరు తెరపై గీతలు గీసే స్కెచ్‌ప్యాడ్‌ను రూపొందించాడు. భవనమును గీతలుగా గాక వివరాల పట్టికగా కంప్యూటరులో ఉంచవచ్చునని 1970ల నడుమ చార్లెస్ ఈస్ట్‌మన్ ప్రతిపాదించాడు. 2000లో వెలువడిన రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ ఆలోచనను వాడుకలోకి తెచ్చినవి. వీటిలో గది అంటే నాలుగు గీతలు కాదు. పేరు, వైశాల్యము, శాఖ అనే గడులున్న ఒక వరుస.

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. ఊరిలో వేర్వేరు చోట్ల ఉండే శాఖలను ఒక్కచోటికి చేర్చే సమీకృత కార్యాలయ భవనము 2021 జూన్ 20న ప్రారంభమైనది. ఇటువంటి భవనమును సాఫ్ట్‌వేరులో రూపొందించునప్పుడు ప్రతి గదికీ శాఖ పేరు వ్రాసి, శాఖవారీగా రంగు వేయమని చెబితే చాలు. పటము క్షణములో రంగులు పోసుకుంటుంది. ఏ శాఖకు ఎంత స్థలమో లెక్క కూడా వస్తుంది. ఒక గదిని రెవెన్యూ నుంచి వ్యవసాయ శాఖకు మార్చితే రంగు తనంతట తానే మారుతుంది. కాని ఒక గదికి ‘రెవెన్యూ’ అని, మరొక గదికి ‘రెవిన్యూ’ అని వ్రాస్తే యంత్రము వాటిని రెండు శాఖలుగా ఎంచి రెండు రంగులు వేస్తుంది. అది చదివేది అర్థమును కాదు, అక్షరాలను.

ఎన్ని రంగులు కావాలి?

ఇందులో ఒక గణిత సమస్య కూడా ఉన్నది. పక్కపక్క దేశాలకు ఒకే రంగు పడకుండా ఏ పటమునకైనా నాలుగు రంగులు చాలునా అని 1852లో ఫ్రాన్సిస్ గుత్రీ అడిగాడు. చాలునని 1976లో అపెల్, హాకెన్ అనే ఇద్దరు కంప్యూటరు సహాయముతో నిరూపించారు. అయితే కార్యాలయ భవనములో ఒకే శాఖ రెండు మూలలలో ఉండవచ్చును. రెండింటికీ ఒకే రంగు వేయాలి. అప్పుడు నాలుగు చాలవు. ప్రతి దేశమూ రెండు ముక్కలకు మించకుండా ఉంటే 12 రంగులు చాలునని, కొన్ని పటాలకు 12 తప్పవని 1890లోనే పెర్సీ హీవుడ్ చూపాడు. అన్ని రంగులను కన్ను సులభముగా వేరుచేయలేదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు కూడా ఉన్నారు. అందుచేత మంచి పటములో రంగుతోపాటు పేరు కూడా వ్రాస్తారు.

మళ్ళీ కామారెడ్డికి

పట్టణమంతటికీ పటము గీసే సాఫ్ట్‌వేరు పనిచేసేదీ ఇట్లే. అక్కడ గదికి బదులు భూమి ముక్క, శాఖకు బదులు భూ వినియోగము. ఆ గడిలో ‘వ్యవసాయము’ తీసి ‘పరిశ్రమ’ అని వ్రాయుటకు అరక్షణము పట్టదు. గదిలోని గుమాస్తా పక్క గదికి వెళ్ళవచ్చును. పొలములోని రైతు తన పొలమును వెంట తీసుకొనిపోలేడు. రోడ్లు, బడులు, మురుగు కాలువలు క్రమముగా రావాలంటే పట్టణమునకు ప్రణాళిక కావలసినదే. అందుకే ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరాలు విని, ఆ తరువాతనే ఖాయము చేయాలని చట్టము చెబుతున్నది. కామారెడ్డి ముసాయిదాపై అభ్యంతరాలకు 2023 జనవరి 11 వరకు గడువు ఉండినది. ఆ లోపలే అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు మరణము ఊరంతటినీ కదిలించినది. బంద్ జరిగినది. చివరకు జనవరి 20న పురపాలక సంఘ సమావేశము ఆ ముసాయిదాను రద్దు చేయుచు తీర్మానించినది.

బుషోట్ కాలములో తప్పు రంగు పూసినవాడు దానిని కడిగి మళ్ళీ పూయవలసి వచ్చేది. ఆ శ్రమయే అతనిని ఒకటికి రెండుసార్లు ఆలోచింపజేసేది. యంత్రము ఆ శ్రమను తీసివేసినది కనుక, ఆలోచించే పని చూచేవారిమీద పడినది. రంగుల పటము ఎదురైనప్పుడు విద్యార్థి అడగవలసినవి రెండు ప్రశ్నలు: ఈ రంగుకు సూచికలో ఉన్న అర్థమేమి? ఆ గడిలో ఆ మాట వ్రాసేముందు అక్కడ ఉన్నవారిని అడిగారా?