గుర్తు నుండి టైపుకు: బైనరీ ఆపరేటర్ల అర్థనిర్ణయ చరిత్ర

కూడిక గుర్తు ఒకటే అయినా, పూర్ణాంకాలను కూడడానికీ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలను కూడడానికీ యంత్రంలో వేర్వేరు ఆదేశాలుంటాయి. వాటిలో ఒకదానిని ఎన్నుకోవడానికి కంపైలర్‌కు ఆధారం గుర్తా, దానికి ఇరువైపులా ఉన్న రాశుల టైపా? ఈ ప్రశ్నకు ప్రోగ్రామింగ్ భాషలు భిన్నమైన సమాధానాలిచ్చాయి.

జాన్ బాకస్ బృందం 1957లో ఐబీఎం 704 కోసం అందించిన ఫోర్ట్రాన్‌లో చరరాశి పేరులోని తొలి అక్షరమే టైపును సూచించేది. ఘాతాంకం వంటి కొద్ది సందర్భాలలో తప్ప రెండు టైపులను ఒకే సమాసంలో కలపరాదు. అల్గాల్ 60 భాగహారానికి రెండు గుర్తులను కేటాయించింది: ‘/’ ఫలితం ఎల్లప్పుడూ వాస్తవ సంఖ్యే, ‘÷’ పూర్ణాంకాలకే పరిమితం.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రూపొందించిన బీ భాషలో టైపులు లేవు. ప్రతి రాశీ ఒక యంత్రపదమే. అందుచేత కొన్ని యంత్రాలపై ఫ్లోటింగ్ పాయింట్ గణనకు ప్రత్యేక ఆపరేటర్లను చేర్చారు. 16 బిట్ల పీడీపీ-11పై ఆ ఉపాయం చెల్లలేదు. ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య ఒక పదంలో ఇమడదు. పైగా పాయింటర్‌ను వాడిన ప్రతిసారీ పదసూచికను బైటు చిరునామాగా మార్చవలసి వచ్చేది. డెనిస్ రిచీ 1971-73 మధ్య తీర్చిదిద్దిన సీ భాషలో ఈ భారం టైపులపై పడింది. పాయింటర్‌కు ఒకటి కలిపితే ఎన్ని బైట్లు జరగాలో కంపైలరే టైపును బట్టి లెక్కిస్తుంది.

ఈ సౌకర్యానికి మూల్యమూ ఉంది. సీలో 5/2 విలువ 2. గుర్తును మాత్రమే చూసి ఫలితాన్ని ఊహించలేము. 2008లో వెలువడిన పైథాన్ 3 పూర్ణాంక భాగహారానికి ‘//’ను ప్రత్యేకించి, ‘/’కు 2.5 ఇచ్చే అర్థాన్ని స్థిరపరచింది. అంటే భాగహారం విషయంలో అది అల్గాల్ మార్గానికే మరలింది. కనుక ఈ చరిత్రను గుర్తు నుండి టైపుకు సాగిన ఏకముఖ ప్రగతిగా గాక, ఆ రెండింటి మధ్య బాధ్యతల పునఃపంపిణీగా చదవడం సముచితం.