కుడికాలి గేరు, ఎడమకాలి గేరు

అనంతపురం సీమలో మూడు భాషలు వచ్చిన మనుషులు అరుదు కాదు. హిందూపురంలో కన్నడంలో బేరమాడి, గుత్తిలో ఉర్దూలో పలకరించి, ఇంటికొచ్చి తెలుగులో విసుక్కునేవారు మావైపు ఎందరో. మోటారు సైకిళ్ళ విషయంలో ఇక్కడివారి కాళ్ళకు కూడా ఒకప్పుడు అలాగే రెండు మూడు భాషలు వచ్చి ఉండేవన్న సంగతి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. పాత బండ్ల మీద మోజు కొద్దీ నేను ఆ భాషలు నేర్చుకున్నాను కనుక, ఆ ముచ్చట నాలుగు మాటల్లో చెబుతాను.

మొదటిది బుల్లెట్టు భాష. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారు తిరువొత్తియూరులో తయారుచేసిన 350 సి.సి. బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. మొదటి గేరును మునివేళ్ళతో పైకెత్తాలి, తక్కిన మూడింటినీ కిందికి తొక్కాలి. పక్కనే మడమకు అందేట్టు మరో చిన్న మీట. రెండు, మూడు, నాలుగు గేర్లలో ఏది ఉన్నా క్లచ్చి పట్టి దాన్ని తొక్కితే బండి న్యూట్రల్‌లో పడుతుంది. ఇంత ఉపకారం చేసే మీటను తర్వాతి బండ్ల వాళ్ళు ఎందుకు వదిలేశారా అని నాకిప్పటికీ బాధే.

ఈ కుడికాలి అలవాటు ఇంగ్లాండుది. 1920లలో అక్కడ గేరు మార్చడం చేతిపని. పెట్రోలు ట్యాంకుకు కుడిపక్కన నిలువుగా ఒక మీట ఉండేది. 1928 ప్రాంతంలో వెలోసెట్ సంస్థకు చెందిన హెరాల్డ్ విల్లిస్, తొక్కిన ప్రతిసారీ ఒక్క గేరే మారి మీట తిరిగి యథాస్థానానికి వచ్చే కాలిగేరును పందేల బండ్లకు అమర్చాడు. పని చేతినుంచి కాలికి దిగిందేగాని పక్క మారలేదు. నార్టన్, బి.ఎస్.ఎ., ట్రయంఫ్, మ్యాచ్‌లెస్ అన్నీ ఆ దారినే నడిచాయి. రెడ్డిచ్‌లో పుట్టిన బుల్లెట్టు ఆ ఆచారాన్ని మూటగట్టుకుని మద్రాసుకు వచ్చింది. అమెరికా తీరు వేరు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు నడిపిన హార్లే డబ్ల్యు.ఎల్.ఎ. బండికి క్లచ్చి ఎడమకాలితో, గేరు ఎడమచేత్తో!

మావాళ్ళ రెండో భాష మైసూరునుంచి వచ్చింది. 1960లో స్థాపించిన ఐడియల్ జావా కర్మాగారం, చెక్ దేశపు జావా నమూనాలో 250 సి.సి. బండ్లను చేసింది. 1973 నుంచి వాటి పేరు యెజ్డీ అయింది. 1996లో కర్మాగారం మూతపడింది. జావాకు గేరు ఎడమపక్కన ఉంటుంది. ఆ గేరు మీటనే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు అవుతుంది. కొత్తవాడు కుడిపక్కన కిక్కు కోసం వెతుక్కుంటూ నిలబడితే చూసేవాళ్ళకు వినోదం. పైగా గేరు మీటను కదిపితే చాలు, క్లచ్చి తనంతట తానే విడుతుంది, చేత్తో పట్టనక్కరలేదు. చైనంతటికీ రేకుపెట్టె తొడుగు ఉండటం వల్ల మా ఎర్రదుమ్ము దాని జోలికి పోయేది కాదు. మాకు మద్రాసుకన్నా బెంగుళూరు దగ్గర, విడిభాగాలకు జె.సి. రోడ్డు ఉండనే ఉంది.

ఒకే ఇంట్లో ఈ రెండు బండ్లూ ఉంటే వచ్చే చిక్కు చిన్నది కాదు. ఎడమకాలి గేరుకు అలవాటుపడినవాడు బుల్లెట్టు మీద పోతుండగా కంచెలోంచి మేక అడ్డం వచ్చిందనుకోండి. బ్రేకనుకుని కుడికాలు కిందికి తొక్కుతాడు. బుల్లెట్టులో కిందికి తొక్కడమంటే పై గేరు వేయడం! బ్రేకు పడదు సరికదా, ఇంజను పట్టు కూడా తగ్గుతుంది. బుల్లెట్టువాడు జావా ఎక్కితే ఇంకో రకం గండం. బ్రేకనుకుని ఎడమకాలితో గేరు మీటను తొక్కిపట్టాడంటే క్లచ్చి విడిపోయి, బండికీ ఇంజనుకూ సంబంధం తెగి, పెనుకొండ దిగువన ఏ వాలులోనో జారుబండలా పోతుంది. భయం వేళ కాలు మెదడును అడగదు. అందుకని నేను ఒక బండి దిగి రెండోది ఎక్కేముందు, నిలబెట్టిన బండి మీదే కూర్చుని పది సార్లు ఆ బ్రేకును తొక్కుతాను. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఈ బహుభాషా కాలం ముగియడానికి కారణం దూరదేశంలో ఉంది. 1974 సెప్టెంబరు నుంచి తయారయ్యే మోటారు సైకిళ్ళన్నిటికీ ఎడమకాలి గేరు, కుడికాలి బ్రేకు ఉండాలని అమెరికా శాసించింది. జపాను బండ్లకు అది ఎలాగూ అలవాటే. మన దేశంలో 1980లలో హీరో హోండా, యమహా, సుజుకీ బండ్లు వచ్చాక కుర్రాళ్ళంతా ఎడమకాలి వాళ్ళయ్యారు. బుల్లెట్టు మాత్రం 2000లు దాటేదాకా పట్టుదల విడవలేదు.

ఇక టైర్ల సంగతి. ఇక్కడ అమెరికా శాసనం కన్నా అనంతపురం నేల శాసనమే పెద్దది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ నమ్మకం లేదు. ఎండిన పెన్నలో ఇసుక, బొమ్మనహాళ్, కణేకల్లు వైపు హగరి ఒడ్డున ఇసుకమేటలు, తక్కినచోట్ల గుండ్రాళ్ళు, అన్నిచోట్లా సర్కారు తుమ్మ ముళ్ళు. బుల్లెట్టుకు ముందూ వెనకా 3.25-19 టైర్లు. ఆ పెద్ద చక్రం బండిగాడిని, గుంతను సులువుగా దాటుతుంది. జావా చక్రం 16 అంగుళాలే. కూర్చోవడానికి ఎత్తు తక్కువ, ఇరుకు సందుల్లో తిప్పడం హాయి, కానీ గుంత లోతు నడుముకు తెలుస్తుంది.

ఇసుకలో నడవాలంటే గాలి తగ్గించాలి, రాళ్ళకూ ముళ్ళకూ గాలి నిండుగా ఉండాలి. ఒకే ప్రయాణంలో రెండూ తగిలే చోటు ఇది. గాలి తగ్గించి గట్టిగా యాక్సిలరేటరు తిప్పితే టైరు రిమ్ము మీద జారి, ట్యూబును లాగి, వాల్వును మొదలంటా తెంపుతుంది. ముల్లు చేసిన చిల్లికి అతుకు పడుతుంది, దీనికి పడదు. గీతల టైరు ముందుకూ, గళ్ళ టైరు వెనక్కూ వేయడం పాత పద్ధతి. ముందు చక్రం తిన్నగా పోవడానికి గీతలు, వెనకది పట్టుకోవడానికి గళ్ళు. మట్టిదారే ఎక్కువైతే రెండింటికీ గళ్ళే మేలని నా అభిప్రాయం. ఎన్నో ఏళ్ళు షెడ్డులో నిలిచిన బండికి టైరు అరగకపోయినా నమ్మకూడదు. మా ఎండకు రబ్బరు బిగుసుకుని పగుళ్ళిస్తుంది. 2000 తర్వాతి టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

పాత బుల్లెట్టుకు గేరును ఎడమపక్కకు మార్పించవచ్చా అని కొందరడుగుతారు. మార్పించవచ్చు. గేరుపెట్టెకు మీట తగిలించే చోటు కుడివైపే ఉంటుంది కనుక అడ్డంగా ఒక కడ్డీ వేసి ఎడమపక్క మీటకు కలుపుతారు. బ్రేకు మీటను కుడికి తెచ్చి, ఎడమనున్న వెనక డ్రమ్ముకు లంకె వేస్తారు. ఈ కీళ్ళు వదులైతే అసలే దొంగ న్యూట్రల్‌కు పేరుపడ్డ ఆ గేరుపెట్టె ఇంకా మొండికేస్తుంది. ఇంట్లో నలుగురు నడిపే బండి అయితే మార్పించడమే మంచిదని చెబుతాను. చరిత్ర కన్నా మోకాలిచిప్ప ముఖ్యం. ఒక్కడే నడిపేదైతే ఉన్నది ఉన్నట్టు ఉంచాలి.

2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్ళు దాటిన బండ్లకు వి.ఎ. అక్షరాలతో వేరే రిజిస్ట్రేషను వరుసను పెట్టింది. పది సంవత్సరాలకు ఇరవై వేల రూపాయల రుసుము. అసలు రూపం చెడని బండ్లకే ఆ గౌరవం. అయితే ఆ నంబరుతో రోజూ రోడ్డెక్కరాదు. ప్రదర్శనకో, పాత బండ్ల ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో మాత్రమే తీయాలి. వేరుశనగ మూటలు మోసిన బండ్లకు ఆ పెద్దరికం ఏపాటి నచ్చుతుందో! నా బుల్లెట్టును నేనింకా పాత నంబరు మీదే ఉంచాను. వచ్చే ఆదివారం కదిరి వైపు పోవాలి. వెనక టైరుకు గళ్ళు అరిగాయి, ముందు దాని సంగతి చూడాలి.